లేచి కూర్చోలేని మనిషి

“చెప్పులిడిచి పక్కకు పెట్టి దూకింది. ఇంకేం కావాలె మేడం నీకు?”

ఇన్‌స్పెక్టర్ నర్సింగం ఆ మాట అన్నప్పుడు శ్రావణ్య వైపు చూడను కూడా లేదు. నర్సింగ్ హోం కింది అంతస్తులో సోఫా మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చేతిలో ఫోన్ తిప్పుతున్నాడు.

“దూకంగ ఎవరు చూసిన్రు?” అంది శ్రావణ్య.

“ఎవరు చూడాలె? వెనుక దిక్కు ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట. పురుగు సుత ఉండదు. పైగా బ్లాస్టింగ్ టైము. గోడలదిరే చప్పుడుల మనిషి పడ్డ చప్పుడు ఎవరికి వినవడ్తది?”

“కారణం?”

“రెండో కాన్పుల కూడ ఆడపిల్ల. పొద్దుగాల మొగుడొచ్చి లొల్లి వెట్టిండు. మధ్యాహ్నం ఇది దూకింది. మొగుణ్ణి లోపలేసిన. పోస్టుమార్టం అయితాంది. పొద్దుగూకక ముందే శవాన్ని ఇప్పిస్త, అగ్గి వెట్టుకుంటరు. ఖతం.”

చనిపోయిన మనిషి పేరు సంధ్యారాణి. ఇరవై ఆరేళ్లు. ఐదు రోజుల కింద ఇదే నర్సింగ్ హోంలో ఆపరేషన్ చేసి పిల్లను తీశారు. నిన్న మధ్యాహ్నం భవనం వెనక సిమెంటు నేల మీద ఆమె శవం కనిపించింది. భర్త ప్రశాంత్ కమాన్‌పూర్ దగ్గరి ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు కింద డంపర్ నడుపుతాడు. రాత్రి నుంచి టౌన్ స్టేషన్ లాకప్‌లో ఉన్నాడు.

శ్రావణ్యను పిలిచింది ప్రశాంత్ వాళ్లు కాదు. సంధ్యారాణి తండ్రి బుచ్చన్న. ముప్పై ఏళ్లుగా భూగర్భ గనిలో దిగుతున్న మనిషి. పొద్దున్నే ఆమె డిటెక్టివ్ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తీయగానే లేచి ఒక్కటే మాట అన్నాడు. “నా అల్లునికి నోరు పెద్దది బిడ్డా. చెయ్యి మాత్రం లేవదు. వాణ్ణి ఇడిపియ్యి. నా బిడ్డను ఎవరు సంపిన్రో చెప్పు.”

మంథని సంప్రదాయ కుటుంబంలో పుట్టి పోలీసు ఉద్యోగంలో చేరినప్పుడు శ్రావణ్యతో ఇంట్లోవాళ్లు నెల రోజులు మాట్లాడలేదు. ఆ ఉద్యోగం వదిలేసిన రోజున డిపార్టుమెంటులో ఎవరూ మాట్లాడలేదు. ఆమె, నర్సింగం ఒకే బ్యాచి ఎస్సైలు. లాకప్‌లో ఒక కుర్రాడి చెయ్యి విరిచాడని నర్సింగం మీద ఆమె సాక్ష్యం చెప్పింది. విచారణ జరిగింది. నర్సింగానికి ప్రమోషన్ వచ్చింది. ఆమె రాజీనామా చేసింది.

“సామాన్లు సదురుకుంటానికి వచ్చిన్రు గదా, సదురుకొని పోండ్రి,” అన్నాడు నర్సింగం. “డిటెక్టివ్ పని పెండ్లి సంబంధాల కాడ చేసుకో.”

శ్రావణ్య రెండో అంతస్తుకు నడిచింది.

* * *

గదిలో సంధ్యారాణి తల్లి సారక్క ఒక్కతే ఉంది. ఒళ్లో పసిపిల్ల. సీసాలో కలిపిన డబ్బా పాలు పిల్ల నోట్లో పెడుతోంది. పిల్ల పాలపీకను నాలుకతో బయటికి నెట్టేస్తోంది. మంచం మీద దుప్పటి అప్పుడే మార్చేశారు.

శ్రావణ్య స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“చిన్నమ్మా, సంధ్యారాణికి తలకాయ నొప్పి ఉండెనని బుచ్చన్న కాక చెప్పిండు. ఎప్పుడు మొదలైంది?”

“ఆపరేషన్ అయిన మర్నాడు బిడ్డా. లేపి కూసోవెట్టిన్రు. కూసోంగనే ‘అవ్వా, తల పలుగుతాందే’ అని ఒర్లింది. పండవెడితె సల్లవడ్డది. మల్ల లేపితె మల్ల అదే. మెడ బిర్రువట్టి తిరుగకపోవుడు, కక్కుడు.”

“పండుకుంటె మొత్తం పోతుండెనా?”

“పండుకుంటె ఏం లేనట్టే. నవ్వుతుండె సుత.”

“పాలెట్ల ఇచ్చింది పిల్లకు?”

“పండుకునే. నేనే పక్కకు ఒత్తిగిలవెట్టి పిల్లను జరుపుతుంటి. అన్నం సుత పండుకునే తిన్నది. బాత్‌రూంకు పోవాల్నంటె ఇద్దరం చెరొక దిక్కు వట్టుకోవాలె. రెండడుగులకే కండ్లు మూస్తుండె.”

శ్రావణ్యకు ఆ నొప్పి తెలుసు. పదహారేళ్ల కింద కూతురు పుట్టినప్పుడు ఆమెకూ వచ్చింది. ఆపరేషన్ కోసం వెన్నులో మత్తుసూది వేస్తారు. ఆ సూది చేసిన రంధ్రం కొందరిలో వెంటనే పూడదు. లోపలి నీరు కారుతూ ఉంటుంది. పడుకుంటే ఏమీ ఉండదు. లేచి కూర్చుంటే మాత్రం మెడ వెనక నుంచి తలలోకి గునపం దింపినట్టుంటుంది. “పండుకుంటె పోయే నొప్పి ఏం నొప్పమ్మా? పని ఎగ్గొట్టెటందుకు పెట్టిన పేరది,” అంది అప్పట్లో అత్తగారు. మొగుడు ఎదురు మాట్లాడలేదు. ఆరో రోజున ఒక డాక్టర్ ఆమె చేతి నుంచే కాస్త రక్తం తీసి వెన్నులో ఎక్కిస్తే ఆ రంధ్రం మూసుకుంది. ఆ సాయంత్రమే ఆమె లేచి కూర్చుని పిల్లను ఒళ్లోకి తీసుకుంది. అత్తగారి మాట చేసిన గాయం మాత్రం ఇప్పటికీ మానలేదు.

“నిన్న పొద్దుగాల ఎట్లుండె చిన్నమ్మా?”

సారక్క పాలసీసా పక్కన పెట్టింది.

“నిన్న వేరే తీరుండె. పండుకున్నా తగ్గలె. ‘అవ్వా, నువ్వు ఇద్దరు కనవడ్తున్నవే’ అన్నది. పిల్లను పట్టుకుందామంటె కుడి చెయ్యి లేవలె. నాకు బుగులైంది. సాత్విక నర్సమ్మకు చెప్పిన. డాక్టర్ సారును పిలుచుకొచ్చింది.”

“విజయేంద్ర డాక్టరేనా? మత్తు ఇచ్చినాయన?”

“ఆయనే. ఈ దవాఖాన ఆయనదే గదా. ఆపరేషన్ నాడు సూది మూడు మార్లు గుచ్చిండు, మూడో మారుకు దిగింది. నిన్నొచ్చి నిలవడే చూసిండు. ‘వెన్నుల సూది ఇస్తే గిట్లనే ఉంటది. చాయ తాగిపియ్యి. రెండో ఆడపిల్ల గదా, మనసు బాగలేదు’ అన్నడు.”

“ప్రశాంత్ లొల్లి వెట్టింది అప్పుడేనా?”

“అప్పుడే. గని ఆడపిల్ల పుట్టిందని కాదమ్మా!” సారక్క గొంతు పెరిగింది. పిల్ల ఉలిక్కిపడింది. “కరీంనగర్ దవాఖానకు రాయు, తలకాయకు స్కానింగ్ తీపిస్తనని డాక్టర్‌తోని కొట్లాడిండు. డాక్టర్ రాయలె. డ్యూటీకి పోకపోతె కాంట్రాక్టరు తీసేస్తడని పిలగాడు తిట్టుకుంటనే పాయె. గా ముచ్చట నేను పోలీసాయనకు చెప్పిన. ఆయన రాసుకోనే లేదు.”

“నువ్వు గదిలకెళ్లి ఎప్పుడు పోయినవ్?”

“మధ్యాహ్నం పిల్లకు టీకా వేపిస్తానికి కిందికి దిగిన. ఆడికే నర్సమ్మ ఉరికొచ్చి చీటి ఇచ్చింది. మందు బస్టాండు కాడ దొరుకుతది, జల్ది తెమ్మన్నది. పిల్లనెత్తుకొని ఎండల పోయిన. దుకాణపాయన చూసి ‘గిది మీ దవాఖాన దుకాణంల సుత ఉంటది గదమ్మా’ అన్నడు. వచ్చెవరకు మంచం ఖాళీ.”

శ్రావణ్య పొద్దున మార్చురీలో చూసిన పాదాలను గుర్తు చేసుకుంది.

“పాదాలకు పసుపు ఎవరు రాసిన్రు?”

“నేనే. నిన్న పొద్దుగాల ఒళ్లు తుడిచి రాసిన. కాళ్లు ఉబ్బి బూరెలోలె ఉండె.”

“మరి చెప్పులు?”

“కాన్పుకొచ్చిన్నాడు ఏసుకొచ్చింది. అప్పటికెళ్లి మంచం కిందనే ఉన్నయి. తొడిగిద్దామని చూసిన, వేలు సుత పట్టలె.”

* * *

పైకి ర్యాంపు ఉంది. స్ట్రెచర్లు, చక్రాల కుర్చీలు ఎక్కించడానికి కట్టింది. శ్రావణ్య దాని మీదుగా డాబా పైకి ఎక్కింది. వెనకే బుచ్చన్న వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. 

ఈ ఊళ్లో ఏ డాబా మీదైనా బొగ్గు దుమ్ము ఉంటుంది. ఉతికిన బట్టలు ఆరేసి, ఆరాక మళ్లీ దులుపుకోవాల్సిందే. ఈ డాబా కూడా అంతే. చెప్పు తీసి అరికాలు మోపి చూసుకుంది శ్రావణ్య. అంటుకున్న మసి గుడ్డతో రుద్దినా పోలేదు.

డాబా అంతా నల్లగా ఉంది. ఒక్క చోట తప్ప. ర్యాంపు గుమ్మం నుంచి వెనక పిట్టగోడ దాకా మూరెడు వెడల్పున ఒక పట్టీ తెల్లగా మెరుస్తోంది. ఎవరో తడిగుడ్డ పెట్టి తుడిచారు. గోడ దగ్గర తుడవడం ఆగిన చోట నల్లటి నీళ్లు ఎండి అంచు కట్టాయి.

పిట్టగోడ ఆమె ఛాతీ దాకా ఉంది.

“ఏం దొరికింది మేడం?” నర్సింగం పైకి వచ్చాడు. ఎండకు కళ్లు చిట్లించాడు.

“ఆమె చెప్పులు ఎక్కడ దొరికినయి?”

“ఇగో, గోడ కింద. జత జోడించి ఉండె.”

“ఆ చెప్పులు ఆమె కాళ్లకు పట్టవు. మార్చురీకి తీస్కపోయి తొడిగి చూడు. కాళ్లు వాచి ఉన్నయి.”

“అయితె చేత్తోని పట్టుకొచ్చి ఉంటది.”

“అంటె ఉట్టి కాళ్లతోని నడిచింది. నడిస్తె అరికాళ్లు ఇట్ల ఉండాలె.” శ్రావణ్య తన కాలు ఎత్తి చూపించింది. “ఆమె అరికాళ్లకు పసుపు ఉంది నర్సింగం. మసి లేదు. చెప్పులేసుకున్నదా, ఉట్టి కాళ్లతోని వచ్చిందా? నువ్వే చెప్పు.”

నర్సింగం చెప్పులు దొరికిన చోటు వైపు చూశాడు. తర్వాత తెల్లటి పట్టీ వైపు చూశాడు. 

“దవాఖాన అన్నంక తుడుస్తరు.”

“తుడిస్తె డాబా అంత తుడుస్తరు. కుర్చీ చక్రాలు పోయినంత మేరనే తుడువరు.” ఆమె పిట్టగోడ మీద చెయ్యి వేసింది. “నాలుగు రోజులుగ కూసోలేని మనిషి. బాత్‌రూంకు ఇద్దరు పట్టుకుంటె గని పోలేదు. కడుపు మీద పచ్చి కుట్లు. కుడి చెయ్యి లేస్తలేదు. ఆమె రెండంతస్తులు ఎక్కి, ఇంత ఎత్తు గోడ దాటిందంటున్నవు.”

“సచ్చే మనిషికి యాడిదో బలమొస్తది.”

“బలం కాదు, ముందుగాల లేచి కూసోవాలె. ఆ నొప్పి నీకు తెల్వదు.”

“ఆడోళ్ల తలకాయ నొప్పులు కోర్టుల నిలవడయి మేడం.” నర్సింగం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “నీ ఒంటి మీద వర్దీ లేదు. నీ మాటకు ఇలువ లేదు. మల్లొకసారి చెప్తున్న, దిగు.”

గుమ్మం దగ్గర బుచ్చన్న వంగి నేల మీద వేలు రాసి చూసుకున్నాడు. “సారు,” అన్నాడు నెమ్మదిగా. “బొగ్గు మసి నాకు ఎరుకే గదా. ఒక్క అడుగు ఏసినా అంటుతది. నా బిడ్డ ఈడ నడువలె.”

నర్సింగం అతని వైపు చూడకుండా కిందికి దిగిపోయాడు.

* * *

డాక్టర్ విజయేంద్ర ఆపరేషన్ గది బయట చేతులు కడుక్కుంటున్నాడు. యాభై ఏళ్లుంటాయి. మెత్తగా మాట్లాడే మనిషి. లోపల ఇంకో గర్భిణి టేబుల్ మీద ఉంది. ఆపరేషన్ చేసే లేడీ డాక్టర్ మంచిర్యాల నుంచి వచ్చి సిద్ధంగా ఉంది.

“వెన్నులో మత్తు తర్వాత తలనొప్పి కొత్తది కాదు శ్రావణ్య గారు,” అన్నాడు. “ఎక్కువమందికి రాదు. వచ్చినా వారం పది రోజుల్లో పోతుంది. పడుకోమంటాం, నీళ్లు, కాఫీ తాగమంటాం, మాత్రలిస్తాం. ప్రాణం తీసే జబ్బు కాదు.”

“నాకూ వచ్చింది డాక్టర్. ప్రాణం తీయలేదు. ఎందుకంటె నన్ను చూసిన డాక్టర్ రోజూ ఒకటే ప్రశ్న అడిగేటోడు. పండుకుంటె తగ్గుతుందా అని.”

“మంచి ప్రశ్న.”

“మీరు అడిగిన్రా?”

“తగ్గుతుందనే చెప్పింది.”

“నిన్న పొద్దుగాల?”

డాక్టర్ టవల్ తీసుకున్నాడు. “నిన్న కూడా అంతే. పండుకుంటే తగ్గదన్న మాట నాకెవరూ చెప్పలేదు.”

అతని వెనక ట్రే పట్టుకుని నిలబడ్డ నర్సు చేతిలో స్టీలు గిన్నెలు చప్పుడు చేశాయి. సన్నగా ఉంది, ఇరవై మూడేళ్లుంటాయేమో. అదే సాత్విక. డాక్టర్ ఆమె వైపు తిరిగి, “ఆ ట్రే లోపల పెట్టి నువ్వు వార్డుకు పో. ఈ కేసుకు వద్దు,” అన్నాడు. తలుపు మూసుకుంది. పైన ఎర్రలైటు వెలిగింది.

సాత్విక వార్డుకు పోలేదు. ర్యాంపు మలుపులో, ఉతకాల్సిన బట్టల మూటల పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. శ్రావణ్య వెళ్లి ఆమె పక్కనే నిలబడింది.

“డాక్టర్‌ను పిలుచుకొచ్చింది నువ్వు. ఆయన అబద్ధమాడుతుంటె విన్నది నువ్వు. ప్రశాంత్ జైలుకు పోతడు సాత్వికా. ఆ ఇద్దరు ఆడపిల్లలకు అవ్వ లేదు, ఇగ నాయిన సుత ఉండడు.”

సాత్విక ఏడవలేదు. ఏడవడం నిన్ననే అయిపోయినట్టుంది ఆ మొహం.

“ఫిట్స్ వచ్చినయి మేడం,” అంది. “సారక్క కిందికి పోయినంక. ఒళ్లంత కొట్టుకున్నది. నేను సారును పిలిచిన. సూదిచ్చిండు. ఆగినయి. అటెనుక కదల్లేదు. సారు చీటి రాసి, ముసలామెకు ఇచ్చి బయటికి పంపమన్నడు. నేను ఉరికి ఇచ్చొచ్చిన. వచ్చెవరకు సారు ఫోన్ల మాట్లాడుతున్నడు. నన్ను చూసి పెట్టేసిండు. ‘పోయింది’ అన్నడు.”

“చచ్చిపోయిందని?”

“ఆఁ. ఇప్పుడు తెలిస్తె జనం వచ్చి అందరినీ కొడ్తరు, పైన గదిల పెడదాం, మెల్లగ చెప్దామన్నడు. చక్రాల కుర్చీల ఇద్దరం కూసోవెట్టినం. ర్యాంపు మీద నేనే నూకిన. డాబా గుమ్మం కాడ ‘ఇగ నువ్వు పో’ అన్నడు. కిందికి దిగుతుంటె బ్లాస్టింగ్ అయింది. ర్యాంపు అదిరింది. ఏదో పడ్డట్టు వినవడితె బ్లాస్టింగ్ చప్పుడేననుకున్న. తర్వాత సారు బకెట్ తెమ్మన్నడు.”

“చెప్పులు?”

“సారే తీస్కపోయిండు.” ఆమె తన కుడి అరచెయ్యి చూసుకుంది. “కుర్చీల కూసోవెట్టంగ చెయ్యి పట్టుకున్న మేడం. వెచ్చగుండె. సార్, చెయ్యి వెచ్చగుందన్న. కొద్దిసేపు అట్లనే ఉంటది అన్నడు.”

అప్పుడే శ్రావణ్య ఫోన్ మోగింది. సర్కారు పెద్దదవాఖానలో పోస్టుమార్టం చేసిన డాక్టరమ్మ. పెళ్లై ఏడేళ్లు కాని ఆడమనిషి చావు కాబట్టి తహసీల్దార్ ముందు పంచనామా జరిగింది. అక్కడే శ్రావణ్య ఆమెను ఒకటే అడిగింది, తల లోపల జాగ్రత్తగా చూడమని.

“మెదడు నుంచి రక్తం తిరిగి వెళ్లే సిరలో రక్తం గడ్డకట్టింది,” అంది డాక్టరమ్మ. “కాన్పు తర్వాత కొందరికి అవుతుంది. మొదట వచ్చింది సూది తలనొప్పే అయ్యుంటుంది. పడుకున్నా తగ్గకుండా మారిన రోజే ఇది వేరని అనుమానించాల్సింది. నిన్న పొద్దున పంపినా అవకాశం ఉండేది.”

“అంటె పడేటప్పటికే చచ్చిపోయిందా?”

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

“లేదు. విరిగిన ప్రతి ఎముక దగ్గరా రక్తం చేరింది. చచ్చిన ఒంట్లో అలా చేరదు. పడేటప్పుడు గుండె కొట్టుకుంటోంది శ్రావణ్య గారు. ఊపిరి కూడా ఉంది. స్పృహ లేదంతే. రిపోర్టులో రాస్తున్నాను. ఇన్‌స్పెక్టర్‌కు ఇప్పుడే చెప్పాను.”

శ్రావణ్య ఫోన్ దించింది. చెప్పాల్సిన పని లేకపోయింది. ర్యాంపు నిశ్శబ్దంగా ఉంది, అవతలి గొంతు సాత్వికకు వినబడింది. నాలుగడుగుల దూరంలో ఉన్న బుచ్చన్నకు కూడా.

“సారుకు తెల్వక...” అంది సాత్విక. 

“ఆయన మత్తు డాక్టర్,” అంది శ్రావణ్య. “నాడి, ఊపిరి చూసుడే ఆయన పని. బతుకంత చేసింది అదొక్కటే.”

* * *

నర్సింగం ఇద్దరు కానిస్టేబుళ్లతో పరుగున వచ్చాడు. ఆపరేషన్ గది తలుపు మీద అరచేత్తో గుద్దబోయాడు.

“ఆగు,” అంది శ్రావణ్య. “లోపల ఒకామె కడుపు కోసి ఉంది.”

“నాకు హంతకుడు కావాలె.”

“ఆమె ఊపిరి చూసేది ఆ హంతకుడే. ఇంకో మత్తు డాక్టర్ ఈ బిల్డింగ్‌ల లేడు. ఇప్పుడు గుంజుకొస్తె లోపలామె ఏమైతది?”

“వీడు తప్పించుకుంటె నువ్వు జవాబిస్తవా?”

“దారి ఇదొక్కటే. ఎటు పోతడు?”

నర్సింగం మళ్లీ చెయ్యెత్తాడు. ఈసారి తలుపుకు అడ్డంగా బుచ్చన్న నిలబడ్డాడు. చేతులు జోడించలేదు. బతిమాలలేదు.

“ఆ బిడ్డ బయటికొచ్చేదాక ఆయన్ను ముట్టకుండ్రి,” అన్నాడు. “ఆమెకు సుత ఓ అవ్వ బయట కూసున్నది.”

నిజమే. బెంచీ మీద ఒక ముసలామె చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. ఈ గొడవ దేని గురించో ఆమెకు తెలియదు. ఎర్రలైటునే చూస్తోంది.

అందరూ నిలబడ్డారు. శ్రావణ్య జీవితంలో చాలామంది నేరస్థుల కోసం కాపు కాసింది. లోపల ఉన్నవాడు తన పని బాగా చేయాలని కోరుకుంటూ కాపు కాయడం ఇదే మొదటిసారి. ఆ కోరిక ఆమె నోట్లో చేదుగా తగిలింది. నర్సింగం ఒకచోట నిలవలేకపోతున్నాడు. వరండా చివరికి వెళ్తున్నాడు, వస్తున్నాడు, మాటిమాటికీ నుదురు తుడుచుకుంటున్నాడు. తాను రాసిన కేసు తలకిందులైతే ఏ పోలీసుకైనా అంతే కదా అనుకుంది శ్రావణ్య.

లోపల పసిపిల్ల ఏడ్చింది. ముసలామె లేచి నిలబడింది. బుచ్చన్న కళ్లు మూసుకున్నాడు.

చాలాసేపటికి లైటు ఆరింది. తలుపు తెరుచుకుంది. డాక్టర్ విజయేంద్ర మాస్కు దించి ముసలామెతో, “తల్లీ బిడ్డా బాగున్నారమ్మా,” అన్నాడు. ఆ తర్వాత చుట్టూ ఉన్న ఖాకీ బట్టలు చూశాడు. సాత్వికను చూశాడు. అర్థమైంది.

నర్సింగం అతని మోచెయ్యి దొరకబుచ్చుకున్నాడు. “నడువు. ఊపిరి ఉన్న మనిషిని డాబా మీదికెళ్లి పడేసినవట. డాక్టరువా, కసాయివా? ఇగ ఒక్క మాట మాట్లాడొద్దు, అంత స్టేషన్‌లనే.”

విజయేంద్ర ఆ చేతిని చూశాడు. ఇంతసేపూ మెత్తగా ఉన్న ఆ మొహం మొదటిసారి గట్టిపడింది.

“అంత నా ఒక్కని మీదికే తోస్తున్నవా నర్సింగం? మంచిది. స్టేషన్‌ల ఎందుకు, ఈడనే చెప్త.”

“నోర్ముయ్!”

“ఫిట్స్ ఆగినంక నీకు ఫోన్ చేసిన. కరీంనగర్ పంపుతానన్న. ‘పంపితే నీ తప్పు అక్కడోళ్లు రాస్తరు. ఈ చావుతోని దవాఖాన మూతవడ్తది’ అన్నది ఎవరు? ‘మొగుడు పొద్దుగాల లొల్లి వెట్టిండు గదా, అది చాలు, మిగిలింది నేను చూసుకుంట’ అన్నది ఎవరు? ఇంకా ఊపిరి ఉందన్నా. నువ్వేమన్నవు? ‘ఉంటే ఏంది’ అన్నవు.”

బుచ్చన్న నర్సింగం వైపు తిరిగాడు.

“ఈ దవాఖానతోని ఆయనకేం పని?” అంది శ్రావణ్య. 

“ఈ బిల్డింగ్‌ల సగం ఆయన భార్య పేరు మీద ఉంది,” అన్నాడు డాక్టర్. “నేను చేసింది నేను చేసిన. ఆ పాపం నాదే. గని నేను ఒక్కణ్ణి కాదు.”

నర్సింగం డాక్టర్ చెయ్యి వదిలేశాడు. టోపీ సరిచేసుకున్నాడు. “వీణ్ణి ఈడనే కూసోవెట్టుండ్రి, నేనొస్త,” అని కానిస్టేబుళ్లతో చెప్పి, ఫోన్ చెవికి ఆనించుకుని గబగబా ర్యాంపు దిగిపోయాడు.

పారిపోతున్నాడని మొదట అనుకుంది శ్రావణ్య. కానీ పారిపోయే మనిషి నడక కాదది. పని మిగిలిపోయిన మనిషి నడక. డాక్టర్ మాట ఒక్కటే అతనికి ముప్పు కాదు, ఆ మాటను ప్రాణం మీదికొచ్చిన నేరస్థుడి ఏడుపని కొట్టేయొచ్చు. నిన్న పొద్దున డాక్టర్‌తో కొట్లాడింది ఆడపిల్ల కోసం కాదనీ, స్కానింగ్ కోసమనీ కోర్టులో చెప్పగలిగిన మొగుడు ఒకడున్నాడు. పెళ్లాం చావుకు కారకుడని ఊరంతా నమ్మిన మొగుడు. అలాంటివాడు సిగ్గుతో లాకప్‌లో ఉరేసుకున్నాడంటే ఊరు అడ్డు చెప్పదు. చచ్చినవాడి మీద నేరం అలాగే నిలిచిపోతుంది.

ఆమె నర్సింగం పై అధికారి ఏసీపీకి ఫోన్ చేసింది. మోగుతోంది. ఎత్తడం లేదు. మళ్లీ చేసింది. కింద జీపు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

“కాక,” అంది. “ప్రశాంత్ అతని చేతుల ఉన్నడు.”

బుచ్చన్నకు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ఆమెకంటే ముందే ర్యాంపు మీద పరుగందుకున్నాడు. కింద తన మోటార్‌సైకిల్ తిప్పి, ఆమె ఎక్కేదాకా కూడా ఆగలేకపోయాడు.

“జల్ది కూసో బిడ్డా,” అన్నాడు. “నా బిడ్డ కాడికి ఎవరం అందలె. నా అల్లుని కాడికన్న అందాలె.”